స్టిక్కరు మీద స్టిక్కరు

నేను ఒక రేకు డబ్బాని. కడుపులో చిత్తూరు జిల్లా మామిడి గుజ్జు, ఒంటి మీద ఒకదాని మీద ఒకటిగా కాగితాలు. ప్రస్తుతం ఢిల్లీలో, పార్లమెంటరీ కమిటీలు కూర్చునే భవనంలో, ఒక గది బయట అద్దాల బీరువాలో ఉన్నాను. పక్కన ఎవరో విదేశీ అతిథి ఇచ్చిన వెండి పడవ ఉంది. దానికి ఏ తొందరా లేదు. నాకుంది. అందుకే గబగబా చెప్పేస్తాను, మధ్యలో ఎక్కడైనా తడబడితే సర్దుకోండి. ఈమధ్య నా లోపల ఒకటే గడబిడగా ఉంటోంది.

నేను పుట్టింది దామలచెరువు దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీలో. రేకు ఎక్కడో తయారై వచ్చింది, అది నేను లెక్కలో పెట్టుకోను. కడుపు నిండిన రోజే నా పుట్టినరోజు. జూన్ నెల. గేటు బయట కాయల లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. లోపల ఆడవాళ్ళు కాయలు కడుగుతున్నారు, తొడిమలు కోస్తున్నారు, ఒకరి మీద ఒకరు జోకులేసుకుంటున్నారు. ఆవిరి, చెమట, మామిడి వాసన. వేడి గుజ్జు నాలోకి దిగింది, మూత పడింది, మరిగే నీళ్ళలో మునిగి తేలాను. చల్లారాక ఒకావిడ వచ్చి చిన్న ఇనుప కడ్డీతో నా మూత మీద తట్టి చెవి పెట్టి వింది. టంగుమని గట్టిగా మోగితే డబ్బా మంచిది. బొదబొదమంటే లోపల గాలి ఉన్నట్టు, పక్కన పడేస్తారు. నేను టంగుమన్నాను. ఆవిడ ముఖంలో కనిపించిన సంతోషం నాకింకా గుర్తే.

ఆవిడ పేరు దాక్షాయణమ్మ. ఫ్యాక్టరీ ఆవిడదే. తట్టి చూడ్డానికి మనుషులున్నారు, అయినా సీజన్ మొదటి రోజు డబ్బాలు తానే తట్టకపోతే ఆవిడకి తోచదు. ఆ మొదటి రోజు కాయలు కూడా ఎప్పుడూ ఒకే తోట నుంచి వస్తాయి, ఆవిడ అన్న చెంగల్రాయుడి తోట నుంచి. వాళ్ళ నాయన నాటిన చెట్లు. అన్నీ తోతాపురి, అక్కడివాళ్ళు బెంగళూరా అంటారు. ఇంటికి కొనుక్కెళ్ళి కోసుకు తినేవాళ్ళు దీన్ని పెద్దగా అడగరు. గుజ్జు ఫ్యాక్టరీ తలుపు తీస్తేనే ఆ కాయకి బతుకు, లేదంటే రోడ్డు పక్కన కుప్పలే. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

అప్పట్లో మన దేశం ఒక వాణిజ్య కూటమిలో ఉండేది. పేరు అడక్కండి, మీరు పేపర్లో చదివినదేదీ కాదు. ఆ కూటమి సరుకుల మీద ఒక గుర్తుండేది, నీలం రంగులో మూడు తెరచాపలు. అది ఉంటే కూటమిలోని ఏ రేవులోనైనా సరుకుని ఆపరు. నా లేబులు మీదా ఉంది, బాగానే ఉండేది కూడా. తర్వాత ఏమైందో, దేశం కూటమి నుంచి బయటికొచ్చేయాలని నిర్ణయించుకుంది. అలిగి వచ్చేశామని కొందరు, గౌరవం నిలబెట్టుకున్నామని కొందరు. డబ్బాల్ని ఎవరూ అడగలేదు.

బయటికి రావడమంటే పెళ్ళి భోజనం మధ్యలో లేచి రావడం కాదుగదా. దానికో ప్రత్యేక విభాగం పెట్టారు, నిష్క్రమణ విభాగం అని. కొత్త బోర్డు, కొత్త కుర్చీలు, పైన సీతాపతి గారని ఒక సెక్రటరీ. రాజమండ్రి వైపు మనిషి, చాలా తెలివైనవాడని పేరు. ఆ విభాగం మంత్రిగారేమో ఎవరినీ అడక్కుండా ఒక బహిరంగ సభలో మాటిచ్చేశారు, ఫలానా రోజు తెల్లారేసరికి మన దేశపు సరుకు మీద ఆ మూడు తెరచాపలు ఎక్కడా కనిపించవని. ఇక విభాగం పరుగో పరుగు. ఫ్యాక్టరీలన్నింటికీ సర్క్యులర్ వచ్చింది: ఎగుమతికి సిద్ధంగా ఉన్న సరుకు మీద గుర్తు కనిపించకుండా చేయవలెను.

కనిపించకుండా ఎలా చేస్తారు? లేబులు పీకితే రేకు గీసుకుపోతుంది, తుప్పు పడుతుంది. కొత్త లేబులు వేయించే టైము లేదు. దాక్షాయణమ్మ తెల్ల స్టిక్కర్లు తెప్పించింది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని డబ్బా డబ్బాకీ గుర్తు మీద ఒక్కోటి అంటించారు. దిష్టిచుక్క పెట్టినట్టుందే అని నవ్వుకున్నారు. స్టిక్కరు కాస్త పెద్దది కావడంతో నా మీదున్న తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలన్న తేదీ కూడా దాని కిందికే పోయాయి. అది అప్పుడెవరికీ పట్టలేదు.

ఓడెక్కాం. కంటైనర్లలో కిక్కిరిసి, చీకట్లో, ఉప్పుగాలిలో ఊగుతూ పోయాం. అవతలి రేవులో ఒక అధికారి డబ్బా తీసి చూసి, స్టిక్కరు మూల గోటితో గీకాడు. కింద నీలం రంగు కనపడగానే ముఖం మాడ్చుకున్నాడు. అసలు సంగతేమిటంటే, కూటమి విడవకముందు తయారైన సరుకు ఆ గుర్తుతోనే ఇంకో ఏడాది పాటు రావచ్చని ఒప్పందంలోనే ఉందట. గుర్తుని కప్పిన సరుకు మాత్రం రాకూడదు. కప్పారంటే ఏదో దాస్తున్నారనే వాళ్ళ లెక్క. ఏమీ చేయకుండా ఊరికే కూర్చుని ఉంటే హాయిగా దిగిపోయేవాళ్ళం. కష్టపడి, ప్రతి డబ్బాకీ ఒకటి అంటించి మరీ దొంగలమయ్యాం.

అక్కడివాళ్ళు మరీ కఠినులేం కాదు. మీ ప్రభుత్వం చెప్తేనే కప్పారని మీ ప్రభుత్వమే ఒక ఉత్తరం రాయాలి, రాస్తే వదిలేస్తాం అన్నారు. కంటైనర్లకి తాళాలు పడ్డాయి. కొనుక్కున్న వ్యాపారి చూసుకోండమ్మా అని ఒక డబ్బా తీసి దాక్షాయణమ్మకి విమానంలో పంపించాడు. ఆ డబ్బాని నేనే. పోయేటప్పుడు ఓడలో, వచ్చేటప్పుడు విమానంలో. మిగతా వాళ్ళంతా అక్కడే ఉండిపోయారు.

దాక్షాయణమ్మ ఆ ఉత్తరం కోసం నిష్క్రమణ విభాగం చుట్టూ తిరిగింది. పరిశీలనలో ఉందన్నారు. ఆ సరుకు అమ్ముడుపోతేనే ఆ ఏడాది ఫ్యాక్టరీ బాయిలర్ వెలుగుతుంది. చెట్ల మీద అప్పటికే పిందెలు. చెంగల్రాయుడు రోజూ పొద్దున్నే ఫోన్ చేసి చెల్లెల్ని ఒక్కటే అడిగేవాడు, తలుపు తీస్తావా అని. తీస్తాననే చెప్పేది. ఫోన్ పెట్టేశాక నన్ను బల్ల మీద అటు తిప్పి ఇటు తిప్పి పెట్టేది. నాకు కుదురు లేకపోవడం అక్కడే మొదలైంది.

చివరికి ఎవరో చెప్పారు, ఆ విభాగం చేసిన పనుల్ని ఒక పార్లమెంటరీ కమిటీ విచారిస్తోంది, సాక్షులు కూడా రావచ్చని. ఆవిడ అర్జీ పెట్టుకుంది, పిలుపొచ్చింది. నన్ను తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకుని రైలెక్కింది. గేటు దగ్గర సంచి తెరిపించి, నన్ను ఊపి, ఎక్స్‌రేలో పెట్టి, ఇదేంటని ముగ్గురు అడిగారు. ముగ్గురికీ మామిడి గుజ్జు అనే చెప్పింది. మూడోవాడు ఒడిశావాడట, పుల్లగా ఉంటుందా తియ్యగా ఉంటుందా అని కూడా అడిగాడు.

కమిటీ గది బాగుంది. గుండ్రటి బల్ల, మైకులు, జీడిపప్పు పళ్ళేలు. అధ్యక్షుడు త్రిభువన్ పాండా గారు, నెరిసిన జుట్టు, మాట నిదానం. సభ్యుల్లో సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. సీతాపతి గారు ఇంగ్లీషులో, ఎక్కడా తడుముకోకుండా, నిష్క్రమణ ఎంత సాఫీగా జరిగిందో చెప్పుకుపోతున్నారు. పాండా గారు మధ్యలో ఆపి అడిగారు, ఎగుమతుల్లో ఏమైనా ఇబ్బంది వచ్చిందా అని.

"ఒక్క డబ్బా కూడా వెనక్కి రాలేదు సార్," అన్నారు సీతాపతి గారు.

ఆయన లెక్కలో అది అబద్ధం కాదు. కంటైనర్లు అక్కడే ఉన్నాయి కాబట్టి వెనక్కి రానట్టే. కానీ దాక్షాయణమ్మ పక్కనున్న దుబాసీ ఆ మాటని తెలుగులో చెప్పేసరికి ఆవిడ సంచి విప్పి నన్ను బల్ల మీద పెట్టింది. మైకు పక్కనే పెట్టిందేమో, ఠక్కుమని గదంతా మోగింది. ఫోన్లు కిందికి దిగాయి. సీతాపతి గారు నన్ను చూశారు, నేను ఆయన్ని చూశాను. ఆయన మెడ దగ్గర చొక్కా గుండీ సర్దుకున్నారు.

తర్వాత వాదన మొదలైంది. సర్క్యులర్‌లో గుర్తు కనిపించకుండా చేయమన్నామే కానీ స్టిక్కర్లు అంటించమని ఎక్కడా చెప్పలేదన్నది ఆయన పట్టు. అంటించడం ఫ్యాక్టరీల సొంత నిర్ణయమట. ఇది తేలాలంటే విభాగం రాతపూర్వకంగా జవాబివ్వాలి, తర్వాతి సమావేశంలో చూద్దామన్నారు పాండా గారు. నన్ను తిరిగివ్వమని దాక్షాయణమ్మ అడిగితే కుదరదన్నారు. కమిటీ ముందు పెట్టిన వస్తువు ఇక కమిటీదేనట. బన్సల్ అనే ఉద్యోగి నన్ను రెండు చేతులా ఎత్తుకుని బయటికి నడిచాడు.

నడవాలో సీతాపతి గారు దాక్షాయణమ్మ కోసం ఆగి ఉన్నారు. బన్సల్ నన్ను పట్టుకుని పక్కనే నిలబడ్డాడు, అతనికి తెలుగు రాదు, నేను మాత్రం అంతా విన్నాను. గదిలో వాడిన ఇంగ్లీషు తీసి పక్కన పెట్టి, మెల్లగా, దాదాపు బతిమాలుతున్నట్టు మాట్లాడారాయన. ఉత్తరం రాయడం పెద్ద పనేం కాదండి, ఒక పేరా. కానీ రాస్తే ఆ సర్క్యులర్ మా తప్పని ఒప్పుకున్నట్టే, మంత్రిగారు నా మీదకొస్తారు, నా కింద ఉన్న వాళ్ళ ఉద్యోగాలు పోతాయి. కాస్త ఓపిక పట్టండి అన్నారు. మంచివాడే పాపం. మంచితనంతో ఏం చేయాలో తెలియనివాడు.

"నాకు ఓపిక ఉండాది సార్," అంది దాక్షాయణమ్మ. "చెట్టు మీద కాయకి లేదు."

ఇంకెవరో పిలిస్తే ఆయన వెళ్ళిపోయారు.

బన్సల్ నన్ను ఒక గదిలో ఇనుప అల్మరాలో పెట్టాడు. పద్ధతి గల మనిషి. కమిటీ వస్తువు అన్నాక దానికి నంబరుండాలి కదా, పసుపు రంగు కాగితం ఒకటి తెచ్చి, నా చుట్టూ వెతికి, ఎక్కడ చదునుగా, ఖాళీగా, తెల్లగా ఉందో చూసుకుని అక్కడ అంటించాడు. అది ఏ చోటో మీరు ఊహించే ఉంటారు. బొటనవేలితో నాలుగు పక్కలా గట్టిగా నొక్కాడు కూడా. నాకు అరవాలనిపించింది. డబ్బాకి నోరెక్కడిది, మూత ఉంటుంది అంతే.

ఆ అల్మరాలో వారాలు గడిచాయి. బయట ఎండలు ముదిరి ఉంటాయి. మా వైపు కాయ పెద్దదవుతుంది, తర్వాత ముచ్చిక దగ్గర రంగు తిరుగుతుంది, తర్వాత చెప్పా పెట్టకుండా రాలుతుంది. ఒక్కో రోజు నాకు పిచ్చెక్కినట్టుండేది. పక్క అరలో ఫైళ్ళు ఉండేవి, వాటికి ఏ కాలమైనా ఒకటే.

రెండో సమావేశం జూన్ నడిమికి జరిగింది. దాక్షాయణమ్మ మళ్ళీ వచ్చింది, మనిషి కాస్త చిక్కింది. చెంగల్రాయుడు ఇప్పుడు ఫోన్ చేయడం మానేశాడని పక్కనున్న దుబాసీతో చెప్పుకుంటోంది. సీతాపతి గారు అదే మాట మీదున్నారు, మేం అంటించమనలేదు. పాండా గారు అసలు ఆ గుర్తు ఎట్లా కప్పారో చూద్దాం, డబ్బా తెమ్మన్నారు. బన్సల్ నన్ను తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

పాండా గారు కళ్ళజోడు పెట్టుకుని చూశారు. పసుపు కాగితం చూశారు. దాని కింద అంచున కనిపిస్తున్న తెల్ల కాగితం చూశారు. గోటితో గీకబోయి ఆగారు. కమిటీ నంబరు వేసిన వస్తువుని చింపితే సాక్ష్యాన్ని పాడుచేసినట్టు. గదిలో ఎవరో కిసుక్కుమన్నారు, పాండా గారు మాత్రం నవ్వలేదు.

"బన్సల్, నేను నిన్ను దీనికి నంబరు వేయమన్నాను. దీని మీద అంటించమన్నానా?" అని హిందీలో అడిగారు.

బన్సల్ కంగారు పడ్డాడు. "లేదు సార్. కానీ వేయమంటే అంటిస్తాం కదా సార్. ఇంకెలా వేస్తాం?"

పాండా గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. సీతాపతి గారి వైపు తిరిగారు. ఆయన్ని తప్పుపట్టడానికి ఇక్కడ కూర్చున్న వాళ్ళమే అదే తప్పు చేశాం, అదీ ఆయన చేసిన చోటే చేశాం, ఇది రికార్డులో రాయండి అన్నారు. రాసేవాళ్ళు రాశారు. ఇప్పుడు మనిద్దరం సమానం, ఇక చెప్పండి అన్నారు. సీతాపతి గారు నా వైపు చూశారు. ఆ చూపులో నా మీద కోపం లేదు, అలసట ఉంది. తర్వాత మైకు దగ్గరికి వంగి, ఈసారి ఇంగ్లీషు కాకుండా, దుబాసీ అవసరం లేకుండా, దాక్షాయణమ్మ వైపు చూస్తూ తెలుగులో చెప్పారు.

"అవునండి. అంటిస్తారని మాకు తెలుసు. వేరే దారి లేదనీ తెలుసు."

దాక్షాయణమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. నా లోపలి గుజ్జంతా ఒక్కసారి కుదుటపడినట్టయింది. అబ్బ, ఇంకేముంది, రేపో ఎల్లుండో ఉత్తరం వెళ్తుంది, తాళాలు ఊడతాయి, బాయిలర్ వెలుగుతుంది అనుకున్నాను. మీ పద్ధతులు నాకు అప్పటికి సరిగ్గా తెలియవు.

కమిటీ ముందు చెప్పిన మాట కమిటీ నివేదిక పార్లమెంటులో పెట్టేదాకా బయట ఎవరికీ చెప్పకూడదు. ఎప్పటి నుంచో ఉన్న నియమమట, సాక్షులు భయపడకుండా నిజం చెప్పాలని పెట్టారట. మంచి నియమమే. కానీ సభ సెలవుల్లో ఉంది. సీతాపతి గారు ఉత్తరం రాయాలంటే లోపల ఒప్పుకున్న సంగతి బయట చెప్పాలి, చెప్తే సభని అగౌరవపరిచినట్టు. కమిటీ ముందు నోరు విప్పక ముందు ఆయన ఉత్తరం రాయగలిగేవారు, రాయలేదు. విప్పాక రాయాలని ఉన్నా కుదరలేదు. పాండా గారు తనకి చేతనైనంత చేశారు, నివేదికని సభ కంటే ముందే స్పీకర్ గారికి ఇచ్చేసే దారి వెతికారు. అయినా రాసింది సాక్షులు సరిచూసుకోవాలి, సభ్యులు ఆమోదించాలి, హిందీలోకి మార్చాలి. ఇవన్నీ బన్సల్ అల్మరా ముందు నిలబడి ఇంకొకరితో చెప్తుంటే విన్నాను. నివేదిక బాగా వచ్చిందని, పేపర్లలో కూడా రాశారని తర్వాత చెప్పుకున్నారు. నన్ను అల్మరా నుంచి తీసి ఈ అద్దాల బీరువాలో పెట్టింది ఆ సంబరంలోనే. నా ముందు ఇత్తడి స్టాండు మీద ఒక కార్డు కూడా పెట్టారు: నిష్క్రమణ విభాగంపై కమిటీ సాధించిన విజయానికి గుర్తు.

ఇక్కడికి వచ్చేవాళ్ళు ఆ కార్డు చదివి, నా వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోతారు. కాలేజీ పిల్లలు ఫోటో తీసుకుంటారు. రెండు వేసవులు గడిచాయి. సీతాపతి గారిని ఇంకో శాఖకి మార్చారని విన్నాను. నాకు మాత్రం నిద్ర పట్టడం మానేసింది. పులుపుకీ రేకుకీ ఎక్కువకాలం పడదు. తేదీ దాటితే లోపల గాలి పుడుతుంది. ఆ తేదీ మూడు కాగితాల్లో అన్నింటికంటే అడుగున ఉంది, ఎవరికి కనిపిస్తుంది?

మొన్న దాక్షాయణమ్మ వచ్చింది. నివేదికలో చెప్పినవన్నీ అమలయ్యాయో లేదో కమిటీ మళ్ళీ చూస్తోందట, అందుకు పిలిచారు. పాండా గారు తానే ఎదురెళ్ళి ఈ బీరువా దగ్గరికి తీసుకొచ్చారు, మీ డబ్బా చూడండమ్మా, ఎంత గౌరవంగా పెట్టామో అని. బన్సల్ వెనకే ఉన్నాడు. ఆవిడ నన్ను చూసింది. కార్డు మీదేం రాశారని అడిగింది. చెప్పారు.

"ఉత్తరం వచ్చింది సార్," అందావిడ, వచ్చీరాని హిందీలో, మధ్యమధ్య తెలుగు కలుపుతూ. "వచ్చింది, సరుకు వదిలినారు, ఫ్యాక్టరీ నిలబడింది. మీ మేలు మర్చిపోను. కానీ ఆ ఏడు కాయ ఆగలేదు. మా అన్న లారీల్తో తెచ్చి నా గేటు కాడే పోసినాడు, నేను తలుపు తీయలేకపోయినాను. తర్వాత తోట కొట్టేసినాడు. మా నాయన నాటిన చెట్లు సార్. ఇప్పుడు నేను తలుపు తీస్తాండా, మొదటి లారీ యాడినుంచి వస్తాదో నాకే తెలవదు."

పాండా గారు కార్డు వైపు చూశారు, మళ్ళీ చూడలేదు. అన్నతో మాటలున్నాయా అని మాత్రం అడిగారు. ఆవిడ లేవన్నట్టు తలూపింది.

తర్వాత బీరువా తలుపు తీయమని అడిగింది. బన్సల్ తాళం తీశాడు. దాక్షాయణమ్మ చెయ్యి పెట్టి, వేలి కణుపుతో నా మూత మీద తట్టి చెవి ఆనించి వింది, సీజన్ మొదటి రోజు తట్టినట్టే. నేను టంగుమనాలని ఎంత ప్రయత్నించానో మీకు చెప్పలేను. బొదబొదమన్నాను. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఇది లోపల పొంగుతోంది, ఇక్కడ ఉంచొద్దు, ఒక రోజు పగులుతుంది అని చెప్పింది. తీసేయమన్నారు పాండా గారు. బన్సల్ ఇబ్బందిగా నిలబడ్డాడు. నంబరు పడిన వస్తువు సార్, తీయాలంటే కమిటీ తీర్మానం ఉండాలి, వచ్చే సమావేశం అజెండాలో పెడతాను అన్నాడు. సరే, పెట్టు అన్నారు పాండా గారు. ముగ్గురూ గదిలోకి వెళ్ళిపోయారు. వెళ్తూ దాక్షాయణమ్మ ఒకసారి వెనక్కి తిరిగి నా వైపు చూసింది.

ఆ సమావేశం వాయిదా పడిందని నిన్న ఎవరో అనుకుంటుంటే విన్నాను. మళ్ళీ ఎప్పుడో తెలియదు. ఈ పొద్దున నా మూత మధ్యలో కొంచెం పైకి లేచింది. అడుగు కూడా ఉబ్బి నేను కాస్త ముందుకి ఒరిగేసరికి, ముందున్న కార్డు ఇత్తడి స్టాండుతో సహా ఒక వేలెడు జరిగింది, బీరువా తాళం తీసి దుమ్ము తుడవడానికి వచ్చినవాడు దాన్ని మళ్ళీ సరిగ్గా నా ముందు పెట్టి వెళ్ళాడు.